రెండు నగరాల మధ్య ఆకాశదారి – 3వ పాఠం: దారం లేకుండా దూరం

పోయిన పాఠంలో గ్లోబు మీద దారం లాగి టోక్యో నుంచి లాస్ ఏంజెలెస్‌కు దూరం కొలిచాం. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు మీద దారం దాదాపు 20.7 సెంటీమీటర్లు వచ్చింది. సెంటీమీటరుకు 425 కిలోమీటర్ల చొప్పున అది 8,800. ఈసారి అదే దూరాన్ని కాగితం మీద రాబడదాం.

టోక్యో 35.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 139.7 తూర్పు రేఖాంశం మీద ఉంది. లాస్ ఏంజెలెస్ 33.9 ఉత్తరం, 118.4 పడమర. ఒకటి తూర్పున, ఒకటి పడమరన ఉన్నాయి కనుక రేఖాంశాలను కూడాలి: 258.1. ఇది 180 దాటింది, అంటే భూమిని దూరపు వైపు నుంచి చుట్టి వచ్చాం. 360లోంచి తీసేస్తే దగ్గరి తేడా 101.9.

ఇప్పుడు రెండు అక్షాంశాల సైన్‌లను (కాలిక్యులేటరులో sin మీట, కొసైన్‌కు cos) గుణించండి: 0.5835 × 0.5577 = 0.325. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్‌లను, రేఖాంశాల తేడా కొసైన్‌నూ కలిపి గుణించండి: 0.812 × 0.830 × (−0.206) = −0.139. రెండూ కూడితే 0.186. ఇది భూమి కేంద్రం దగ్గర రెండు నగరాల మధ్య ఉన్న కోణం కొసైన్. ఏ కోణానికి కొసైన్ ఇంత? 79.3 డిగ్రీలకు. భూగోళం మీద డిగ్రీకి 111.2 కిలోమీటర్లు కనుక దూరం దాదాపు 8,820. దారం చెప్పింది నిజమే! మీకు పొంతన లేని అంకె వస్తే ముందు కాలిక్యులేటరు డిగ్రీల్లో ఉందో రేడియన్లలో (కోణానికి మరో కొలత) ఉందో చూడండి.

నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది. రెండు నగరాలూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. గోడ పటం మీద స్కేలు పెడితే నేరుగా తూర్పుకు పోవడమే దగ్గరనిపిస్తుంది. అలా పోతే 9,300 కిలోమీటర్లు! దగ్గరి దారి ఉత్తరానికి వంగి 48 డిగ్రీల దాకా ఎక్కి దిగుతుంది. పటం మీద వంకరగా కనిపించే ఆ గీతే గోళం మీద తిన్ననిది. విమానం అచ్చంగా దాని మీదే పోదు, గాలి కలిసొచ్చే వైపు కొంత జరుగుతుంది.

ఆ గాలి సంగతి. జపాన్ మీద ఎత్తున పడమర నుంచి తూర్పుకు ఉధృతంగా వీచే గాలిని 1920లలోనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసాబురో ఓయిషి బెలూన్లు వదిలి కొలిచాడు. తన ఫలితాలను అన్ని దేశాలకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పరాంతో భాషలో ప్రకటించాడు, బయటి దేశాల్లో పట్టించుకున్నవారు తక్కువ. ఆ గాలినే నేడు జెట్ స్ట్రీమ్ అంటున్నాం. విమానం వేగం గంటకు 900, దారిపొడుగునా సగటున 80 కిలోమీటర్ల గాలి వెనకనుంచి తోస్తుందనుకుందాం: 8,820 ÷ 980 = 9 గంటలు. ఎక్కడానికి, దిగడానికి అరగంట కలపండి: తొమ్మిదిన్నర.

ఇక గడియారం. దీన్ని దూరం లెక్కలో ఎప్పుడూ కలపకండి, తప్పులన్నీ అక్కడే పుడతాయి. జనవరి 10 సాయంత్రం 5కు టోక్యోలో బయల్దేరితే, చేరేసరికి టోక్యోలో 11వ తేదీ తెల్లవారుజామున రెండున్నర. చలికాలంలో లాస్ ఏంజెలెస్ 17 గంటలు వెనక. కాబట్టి అక్కడ ఇంకా 10వ తేదీ, ఉదయం తొమ్మిదిన్నర.

అభ్యాసం: జనవరి 12 మధ్యాహ్నం 12కు లాస్ ఏంజెలెస్‌లో బయల్దేరి, అదే గాలికి ఎదురు వస్తే టోక్యోకు ఎప్పుడు చేరతారు? జవాబు వచ్చే పాఠంలో.