సింక్రో, రిజాల్వర్ అవుట్‌పుట్ ఛానళ్లను అమర్చే పద్ధతి

పాత ఓడల గైరో దిక్సూచి రిపీటర్లలో (దిక్సూచి కోణాన్ని వేరే చోట ముల్లుతో చూపే పరికరాల్లో) సింక్రోలు, అంటే ఇరుసు కోణాన్ని ఏసీ వోల్టేజీలుగా పంపే లేదా అందుకునే మోటారులాంటి పరికరాలు, నేటికీ కనిపిస్తాయి కనుక, కృష్ణపట్నం రేవులో ఎలక్ట్రికల్ పనులకు వెళ్లే నెల్లూరు, కావలి కుర్రవాళ్లకు కంప్యూటర్ ఇచ్చే కోణాన్ని ఏసీ వోల్టేజీలుగా మార్చే బోర్డు ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. బోర్డుకు కరెంటు ఇవ్వకముందే, దానికి తగిలించబోయే పరికరం నేమ్‌ప్లేటు చదవాలి. స్టేటర్ (కదలని చుట్టల భాగం) తీగలు మూడుంటే సింక్రో, నాలుగుంటే అలాంటి పనే చేసే రిజాల్వర్. 90 వోల్టుల అవుట్‌పుట్‌కు 115 వోల్టుల రిఫరెన్స్ (కోణానికి ఆధారంగా ఇచ్చే స్థిరమైన ఏసీ), 11.8 వోల్టులకు 26 వోల్టులు సాధారణంగా కనిపించే జతలు.

ఫ్రీక్వెన్సీ దగ్గర తొందర పనికిరాదు. మన గోడ సాకెట్‌లో వచ్చే 230 వోల్టుల, 50 హెర్ట్జ్ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్‌తో 115కు దించి 400 హెర్ట్జ్ సింక్రోకు ఇస్తే, ఇనుప కోర్ సంతృప్తమై వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. సరైన ఫ్రీక్వెన్సీ ఇచ్చే రిఫరెన్స్ జనరేటర్‌నే వాడాలి. ముల్లును స్వయంగా తిప్పే టార్క్ రిసీవర్, కోణం తేడాను సిగ్నల్‌గా మాత్రమే ఇచ్చే కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక ఛానల్ వీఏ (వోల్ట్-ఆంపియర్) పరిమితిని కూడా చూసుకోవాలి.

ఛానల్ రకం, అవుట్‌పుట్ వోల్టేజీ, రిఫరెన్స్ విలువ, కోణం సున్నా: వీటిని బోర్డు రిజిస్టర్లలో రాసి, తిరిగి చదివి సరిచూసుకున్నాకే అవుట్‌పుట్‌ను ఆన్ చేయాలి. 16 బిట్ల బోర్డులో పూర్తి చుట్టు 65536 మెట్లు, ఒక్కో మెట్టు సుమారు 0.0055 డిగ్రీలు, 45 డిగ్రీలకు 8192 రాస్తాం.

ముల్లును నమ్మవద్దు, మీటరును నమ్మండి. 90 వోల్టుల సింక్రోలో (దాని స్టేటర్ తీగలు ఎస్1, ఎస్2, ఎస్3) సున్నా డిగ్రీల వద్ద ఎస్1, ఎస్3 మధ్య దాదాపు ఏమీ ఉండకూడదు, మిగిలిన రెండు జతల్లో సుమారు 78 వోల్టులు రావాలి. 90 డిగ్రీల వద్ద మొదటి జతలో 90, మిగతావాటిలో 45 చొప్పున కనిపించాలి. 11.8 వోల్టుల రిజాల్వర్‌కైతే 45 డిగ్రీల వద్ద రెండు జతల్లోనూ సుమారు 8.3 వోల్టులు వస్తాయి. 90 వోల్టులంటే షాక్ కొట్టే వోల్టేజీయే, ప్రోబ్‌లు పెట్టేటప్పుడు వేళ్లు జాగ్రత్త.

మీటరు లెక్క కుదిరినా ముల్లు తప్పు చూపితే తీగలను అనుమానించాలి. సున్నా సరిగానే ఉండి ముల్లు ఎదురు తిరిగితే ఎస్1, ఎస్3 తారుమారయ్యాయి. దిశ సరిగా ఉండి సరిగ్గా 120 డిగ్రీలు తేడా వస్తే మూడు తీగలూ ఒక్కో స్థానం జరిగాయి. 180 డిగ్రీలు తేడా వస్తే రిఫరెన్స్ తీగలు తారుమారయ్యాయి. ఈ గుండ్రటి అంకెలేవీ కాక ఒకటి రెండు డిగ్రీలే, అదీ లోడు తగిలించాకే తేడా వస్తే, టెర్మినల్ స్క్రూలను విప్పి చూడండి. మన తీరం ఉప్పుగాలికి అక్కడ పచ్చగా చిలుము పట్టి, ఒక తీగలో మాత్రమే నిరోధం పెరిగి ఉంటుంది.

ఒకే కోణాన్ని ముతకగా ఒక ఛానల్, 36 రెట్లు వేగంగా తిరిగి సన్నగా ఇంకో ఛానల్ చూపే 36:1 నిష్పత్తి గల రెండు వేగాల జతలో, ముతక ఛానల్ 10 డిగ్రీలు జరిగేసరికి సన్న ఛానల్ పూర్తి చుట్టు తిరిగి సున్నాకు రావాలి. రాకపోతే నిష్పత్తి రిజిస్టరును మళ్లీ చదవాలి.