ఓటమికి బాధ్యులెవరు? బేస్‌బాల్‌లో తిలాపాపం పంచే పద్ధతి

మ్యాచ్ పోయిన పది నిమిషాల్లో అభిమానులు ఒక పేరు తేల్చేస్తారు. ఆ పేరు దాదాపు ఎప్పుడూ చివరి బంతి వదిలేసినవాడిదో, చివరి పరుగు ఇచ్చినవాడిదో అయి ఉంటుంది. మూడు గంటల ఆటలో కళ్లకు కట్టినట్టు మిగిలేది ఆ ఒక్క దృశ్యమే. అయితే బేస్‌బాల్‌లో ప్రతి ప్లే కాగితం మీదకి ఎక్కుతుంది. ఏ క్షణంలో జట్టుకి గెలిచే అవకాశం ఎంత ఉందో, ఎవరి చేతిలో అది ఎంత జారిపోయిందో ఎవరైనా లెక్కగట్టొచ్చు. ఆ లెక్క చూడకుండా ఒకడి నెత్తిన అంతా రుద్దడం అన్యాయం. ఆ నింద ఆటగాడి వెంట ఏళ్ల తరబడి నడుస్తుంది కాబట్టి ఇది చిన్న విషయమూ కాదు.

ముందు మూడు దగ్గర పెట్టుకోండి: బాక్స్ స్కోర్ (మ్యాచ్ అంకెల సారాంశ పట్టిక), ప్లే బై ప్లే (ప్రతి ప్లేనీ వరసగా రాసిన చిట్టా), గెలుపు అవకాశం గ్రాఫ్. పాత మ్యాచులకైతే బేస్‌బాల్ రిఫరెన్స్, ఇప్పటి వాటికి ఫ్యాన్‌గ్రాఫ్స్, ఎం.ఎల్.బి. (మేజర్ లీగ్ బేస్‌బాల్) గేమ్‌డే అన్న వెబ్‌సైట్లు చాలు. బాక్స్ స్కోర్ ఒక్కదానితో వాదనకి దిగితే తప్పుదారి పడతారు. ఎందుకో కింద చెబుతాను.

యాభై పాయింట్ల లెక్క

ఆట మొదలయ్యేటప్పుడు రెండు జట్లకీ చెరో 50 శాతం అవకాశం ఉంటుందనుకుంటాం. ఓడిన జట్టు చివరికి సున్నా దగ్గర తేలుతుంది. అంటే ఓడిన జట్టు ఆటగాళ్లందరి కూడికలూ తీసివేతలూ కలిపితే ఎప్పుడూ మైనస్ 50 పాయింట్లే (ఒక శాతం అంటే ఒక పాయింట్) వస్తుంది. మీరు పంచాల్సింది ఈ 50నే. హోమ్ రన్ కొట్టి 20 పెంచినవాడుంటే, మిగతావాళ్లు 70 పోగొట్టారన్నమాట.

ప్లే బై ప్లేలో ప్రతి ప్లే పక్కన ఉన్న గెలుపు శాతం చూసి, జట్టుకి 5 పాయింట్లకు మించి పోయిన ప్లేలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మామూలు మ్యాచ్‌లో ఇవి గుప్పెడు మించవు. ఒక్కోదాని పక్కన అది ఎవరి పనో రాయండి. జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఈ లెక్కలో ఫీల్డర్ చేసిన ఎర్రర్ (మామూలుగా అందాల్సిన బంతిని చేజార్చడం) కూడా పిచ్చర్ (బంతి వేసేవాడు) ఖాతాలోనే పడుతుంది. షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఉండే ఫీల్డర్) సులువైన బంతి జారవిడిస్తే ఆ పాయింట్లు పిచ్చర్ నుంచి తీసి షార్ట్‌స్టాప్‌కి మీరే మార్చాలి. మేనేజర్‌కి అసలు ఖాతాయే ఉండదు. అతని వాటా వేరుగా తేల్చాలి.

ఇంకో లోపం కూడా ఉంది. ఈ పద్ధతి చివరి ఇన్నింగ్స్‌కి (మామూలుగా ఆటకి తొమ్మిది, ఒక్కోదానిలో జట్టుకి మూడు అవుట్లు) ఎక్కువ బరువిస్తుంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో క్లోజర్ (చివర్లో ఆధిక్యం కాపాడే పిచ్చర్) ఇచ్చిన రెండు పరుగులు 80 పాయింట్లు తినేయగలవు. అదే రెండు పరుగులు మొదటి ఇన్నింగ్స్‌లో స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచ్చర్) ఇస్తే పోయేది 20 లోపే. స్కోరుబోర్డు మీద మాత్రం రెండూ ఒకటే. అందుకే పాయింట్ల పట్టిక పక్కనే పరుగుల పట్టిక కూడా పెట్టుకోవాలి. రెండింటిలోనూ ఒకే పేరు పైన ఉంటేనే ఆ పేరు గట్టిగా చెప్పండి.

1986 అక్టోబర్ 25: ఒకే ప్లే కాదు

ఈ లెక్క ఎందుకు అవసరమో చెప్పడానికి షే స్టేడియంలో జరిగిన వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్, ముందు నాలుగు మ్యాచులు గెలిచినవాళ్లదే టైటిల్) ఆరో మ్యాచ్‌ని మించింది లేదు. న్యూయార్క్ మెట్స్ మీద బోస్టన్ రెడ్ సాక్స్ సిరీస్‌లో 3-2 ఆధిక్యంలో ఉంది. పదో ఇన్నింగ్స్‌లో స్కోరు 5-3. మెట్స్‌కి ఇద్దరు అవుటయ్యారు, బేస్‌ల మీద ఎవరూ లేరు. రెడ్ సాక్స్ గెలిచే అవకాశం 99 శాతం దగ్గర ఉంది.

అప్పుడు కాల్విన్ షిరాల్డీ బౌలింగ్‌లో గ్యారీ కార్టర్, కెవిన్ మిచెల్, రే నైట్ వరసగా మూడు సింగిల్స్ (ఒక బేస్ చేర్చే హిట్లు) కొట్టారు. స్కోరు 5-4. బాబ్ స్టాన్లీ వచ్చాడు. అతను వేసిన వైల్డ్ పిచ్‌కి (క్యాచర్‌కి అందకుండా గతి తప్పిన బంతి) మూడో బేస్ నుంచి మిచెల్ పరుగెత్తుకొచ్చాడు, నైట్ రెండో బేస్ చేరాడు. స్కోరు 5-5. ఈ ఓటమికి అందరూ నిందించే ఫస్ట్ బేస్ ఫీల్డర్ బిల్ బక్‌నర్ కాళ్ల మధ్య నుంచి బంతి ఇంకా పోనేలేదు, గుర్తుంచుకోండి. ఈ దశకే రెడ్ సాక్స్ అవకాశం 40 శాతానికి పడిపోయింది. దాదాపు 60 పాయింట్లు ఇద్దరు పిచ్చర్ల దగ్గరే పోయాయి. తర్వాత మూకీ విల్సన్ కొట్టిన బంతి అలా పోయి మెట్స్ గెలిచింది. దాన్ని బక్‌నర్ ఆపి అవుట్ చేసి ఉంటే ఆట పదకొండో ఇన్నింగ్స్‌కి వెళ్లేది. అప్పుడు చెరి సగం. కాబట్టి ఆ ఎర్రర్ ఖరీదు మహా అయితే సగం మ్యాచ్. అది చిన్నది కాదు గానీ, మొత్తం కూడా కాదు.

ఇక రెడ్ సాక్స్ మేనేజర్ జాన్ మెక్‌నమారా. ఆధిక్యంలో ఉన్నప్పుడు చివరి ఇన్నింగ్స్‌లలో బక్‌నర్ బదులు డేవ్ స్టేపుల్టన్‌ని ఫస్ట్ బేస్‌లో నిలబెట్టడం అప్పటిదాకా అతని అలవాటు. ఆ రాత్రి అలా చేయలేదు. చీలమండలు బాగాలేని ఆటగాడిని అక్కడే ఉంచిన నిర్ణయంలో అతని వాటా స్పష్టంగా ఉంది. నా లెక్కలో షిరాల్డీ, స్టాన్లీ ముందు, మేనేజర్ ఆ తర్వాత, బక్‌నర్ అందరికంటే చివర.

బాక్స్ స్కోర్ ఎక్కడ మోసపుచ్చుతుంది

అదే మ్యాచ్ బాక్స్ స్కోర్ చూడండి. స్టాన్లీ పేరు పక్కన పరుగులు సున్నా. ముగ్గురు రన్నర్లనీ బేస్ మీదకి ఎక్కించింది షిరాల్డీ కాబట్టి నియమం ప్రకారం మూడు పరుగులూ అతని ఖాతాలోకే వెళ్లాయి, ఓటమి కూడా. సమం చేసిన పరుగు స్టాన్లీ వైల్డ్ పిచ్ మీదే వచ్చినా అతని వరుస శుభ్రంగా కనిపిస్తుంది. రిలీవర్ ఎవరైనా మధ్యలో వచ్చినప్పుడు, అప్పటికే బేస్‌ల మీద ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఎంతమందిని స్కోరు చేయనిచ్చాడు అన్నది విడిగా లెక్కపెట్టాలి.

"లాసింగ్ పిచ్చర్" అన్న గుర్తుకి కూడా బరువివ్వకండి. ప్రత్యర్థికి చివరిదాకా నిలిచిన ఆధిక్యం ఇచ్చిన పరుగు ఎవరి ఖాతాలో ఉంటే వాళ్లకి అది దక్కుతుంది, అంతే. ఎనిమిది ఇన్నింగ్స్‌లలో ఒకే పరుగిచ్చి 1-0తో ఓడినవాడికీ అదే గుర్తు.

ఎర్రర్ల సంఖ్య అసలు ఫీల్డింగ్‌ని చూపదు. బంతి దగ్గరికి చేరలేని నిదానపు ఫీల్డర్‌కి ఎర్రర్ పడదు. చురుగ్గా వెళ్లి చేతికి తగిలి జారవిడిచినవాడికి పడుతుంది. వైల్డ్ పిచ్‌నీ పాస్డ్ బాల్‌నీ ఎర్రర్‌గా రాయరు. మొదటిది పిచ్చర్ తప్పు, రెండోది క్యాచర్ తప్పు అని స్కోరర్ నిర్ణయం. రీప్లే చూసి మీరూ సరిచూసుకోండి.

బ్యాటర్ల పేరు పక్కన ఉండే లెఫ్ట్ ఆన్ బేస్ (బేస్ మీదే మిగిలిపోయిన రన్నర్లు) అంకెల్ని కూడితే మొత్తం పెద్దదిగా వస్తుంది. ఒకే రన్నర్‌ని వరసగా ముగ్గురు బ్యాటర్లు వదిలేస్తే మూడుసార్లు లెక్కలోకి వస్తాడు. జట్టు మొత్తానికి ఇచ్చిన అంకెనే తీసుకోండి.

మౌనంగా తప్పించుకునే బ్యాట్లు

మేజర్ లీగ్‌లో జట్టు సగటున మ్యాచ్‌కి నాలుగున్నర పరుగులు చేస్తుంది. మీ జట్టు రెండు లోపు చేసిందంటే, పిచ్చర్‌ని తిట్టే ముందు బ్యాటింగ్ ఆర్డర్ చూడాలి. తొమ్మిదిమంది తలా కాస్త విఫలమైతే ఎవరి పేరూ వినిపించదు. అందుకే బ్యాటర్లు ఎప్పుడూ తప్పించుకుంటారు. రెండో బేస్, మూడో బేస్ మీద మనిషి ఉండగా ఎన్నిసార్లు బ్యాటింగ్ చేశారో, ఎన్ని హిట్లు వచ్చాయో చూడండి. తర్వాత ఎదుటి పిచ్చర్‌ని చూడండి. అతను గొప్పగా వేసిన రోజున కొంత వాటా ప్రత్యర్థి ఘనత కింద రాసేయాలి. ఆ వాటా మన జట్టులో ఎవరికీ రాదు.

మేనేజర్‌ని ఫలితం బట్టి తూచకూడదు

నిర్ణయం తీసుకున్న క్షణంలో అతనికి ఏం తెలుసు, చేతిలో వేరే ఏ దారి ఉంది? ఈ రెండు ప్రశ్నలు చాలు.

2020 అక్టోబర్ 27, వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ మీద టాంపా బే రేస్ జట్టు 1-0 ఆధిక్యంలో ఉండగా ఆరో ఇన్నింగ్స్‌లో ఒక అవుట్, ఫస్ట్ బేస్‌లో రన్నర్. రేస్ మేనేజర్ కెవిన్ క్యాష్ 73 పిచ్‌లే వేసిన స్టార్టర్ బ్లేక్ స్నెల్‌ని తీసేశాడు. బ్యాటింగ్ ఆర్డర్‌ని మూడోసారి ఎదుర్కొనే పిచ్చర్‌ని బ్యాటర్లు బాగా కొడతారన్నది నిజమే. ఆ ఆలోచన తప్పు కాదు. కానీ రాబోయే ముగ్గురు, బెట్స్, సీగర్, టర్నర్, ఆ రోజు స్నెల్ చేతిలో ఆరుసార్లకి ఆరుసార్లూ స్ట్రైక్‌అవుట్ అయ్యారు. వచ్చిన నిక్ ఆండర్సన్ అంతకు ముందు వరస మ్యాచుల్లో పరుగులిస్తూనే ఉన్నాడు. ఇవి రెండూ అప్పటికే తెలిసిన విషయాలు, అందుకే క్యాష్‌ని తప్పుపట్టొచ్చు. అయితే రేస్ మొత్తం మ్యాచ్‌లో చేసింది ఒకే పరుగు, మ్యాచ్ పోయింది 3-1తో. బ్యాట్ల వాటా వదిలేస్తే లెక్క సగమే.

ఒక పిచ్చర్‌ని వాడకపోవడమనే తప్పు ఇంకా కనపడదు. 2016 అమెరికన్ లీగ్ వైల్డ్ కార్డ్ మ్యాచ్‌లో ఓరియోల్స్ మేనేజర్ బక్ షోవాల్టర్, ఆ సీజన్‌లో 0.54 ఈ.ఆర్.ఏ. (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచ్చర్ సగటున ఇచ్చే పరుగులు, ఎర్రర్ల వల్ల వచ్చినవి కాకుండా) ఉన్న క్లోజర్ జాక్ బ్రిటన్‌ని బుల్‌పెన్‌లోనే (మార్పు పిచ్చర్లు వేచి ఉండే చోటు) కూర్చోబెట్టాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో ఓరియోల్స్ పిచ్చర్ ఉబాల్డో హిమెనెజ్ వేసిన బంతికి టొరంటో బ్యాటర్ ఎడ్విన్ ఎన్‌కార్నసియోన్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. స్కోరు 5-2. బ్రిటన్ పేరు బాక్స్ స్కోర్‌లోనే లేదు. అందుకే ఓడిన ప్రతిసారీ బుల్‌పెన్‌లో మిగిలిపోయింది ఎవరో కూడా రాసుకోవాలి.

బంట్ (రన్నర్‌ని ముందుకి జరపడానికి బ్యాట్ అడ్డుపెట్టి బంతిని మెల్లగా నెట్టడం) విషయం తొందరగా తేల్చొచ్చు. అవుట్లు లేకుండా ఫస్ట్ బేస్‌లో మనిషి ఉంటే ఆ ఇన్నింగ్స్‌లో సగటున 0.9 పరుగులు వస్తాయి. బంట్ చేసి ఒక అవుట్ ఇచ్చి రెండో బేస్‌కి పంపితే అది 0.7కి తగ్గుతుంది. ఒక్క పరుగుతో పని తీరే చోట తప్ప మేనేజర్‌కి మార్కులు తగ్గించండి.

అంపైర్, ప్రేక్షకుడు

2003 అక్టోబర్ 14న రిగ్లీ ఫీల్డ్‌లో నేషనల్ లీగ్ ఫైనల్ ఆరో మ్యాచ్‌లో చికాగో కబ్స్ 3-0 ఆధిక్యంలో, వరల్డ్ సిరీస్‌కి ఐదు అవుట్ల దూరంలో ఉన్నప్పుడు ఫౌల్ బంతికి ఒక ప్రేక్షకుడి చేయి తగిలింది. కబ్స్ ఫీల్డర్ మొయిసెస్ ఆలూ దాన్ని పట్టి ఉంటే ఒక అవుట్ వచ్చేది. లెక్కలో దాని ఖరీదు రెండు మూడు పాయింట్లు. ఆ తర్వాత కబ్స్ పిచ్చర్ మార్క్ ప్రయర్ వాక్ (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్‌కి ఊరికే దక్కే ఫస్ట్ బేస్) ఇచ్చాడు, ఒక సింగిల్ ఇచ్చాడు, షార్ట్‌స్టాప్ అలెక్స్ గొన్జాలెజ్ డబుల్ ప్లేకి (ఒకే బంతికి ఇద్దరు అవుట్) పనికొచ్చే బంతిని చేజార్చాడు, ప్రత్యర్థి బ్యాటర్ డెరెక్ లీ డబుల్‌తో (రెండో బేస్ చేర్చే హిట్) స్కోరు సమమైంది. ఆ ఇన్నింగ్స్‌లో మొత్తం ఎనిమిది పరుగులు వచ్చాయి. వాటిలో ఒక్కటీ ఆ ప్రేక్షకుడు ఇచ్చింది కాదు.

అంపైర్ తప్పుకీ ఇదే పద్ధతి. ఆ ఒక్క కాల్ సరిగా ఇస్తే అవకాశం ఎంత, తప్పుగా ఇచ్చాక ఎంత, ఆ తేడా మాత్రమే అంపైర్‌ది. 1985 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ 1-0 ఆధిక్యంలో ఉండగా, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో కాన్సస్ సిటీ రాయల్స్ మొదటి బ్యాటర్ హోర్హే ఓర్టాని అంపైర్ డాన్ డెన్‌కింగర్ సేఫ్ అన్నాడు. నిజానికి అవుట్. ఖరీదు దాదాపు 20 పాయింట్లు. ఒక కాల్‌కి అది చాలా పెద్దది, దాన్ని తగ్గించి చెప్పనక్కర్లేదు. కానీ ఆ తర్వాత కార్డినల్స్ ఫీల్డర్ జాక్ క్లార్క్ అందుకోగలిగిన ఫౌల్ పాప్ (పైకి లేచిన ఫౌల్ బంతి) కింద పడింది, క్యాచర్ డారెల్ పోర్టర్ పాస్డ్ బాల్ వదిలాడు, అప్పుడు రాయల్స్ బ్యాటర్ డేన్ ఓర్గ్ సింగిల్‌కి రెండు పరుగులొచ్చి మ్యాచ్ పోయింది.

సిరీస్ మ్యాచ్ అయితే చివరగా ఇంకొకటి చూడాలి. మర్నాడు ఇంకో మ్యాచ్ ఉందా? ఉంటే ఈ రాత్రి లెక్క ఈ రాత్రికే, సిరీస్ ఓటమికి ఏడో మ్యాచ్ లెక్క విడిగా వేయాలి. రెడ్ సాక్స్ 1986లో ఏడో మ్యాచ్‌లో 3-0 ఆధిక్యం సాధించి 8-5తో ఓడింది. 2003లో కబ్స్ ఏడో మ్యాచ్ 9-6తో ఓడింది. 1985లో కార్డినల్స్ ఏడో మ్యాచ్ 11-0తో ఓడింది.