బానెట్ మీద హోలోగ్రామ్ చారలు ఇలా పోగొట్టాను

రోటరీ బఫర్‌తో (ప్యాడ్‌ను గుండ్రంగా తిప్పే పాలిషింగ్ మెషిన్) మొదటిసారి బానెట్ పాలిష్ చేసినప్పుడు నీడలో అద్దంలా మెరిసింది. కారు ఎండలోకి తీయగానే గుండె జారిపోయింది. నల్ల పెయింట్ మీద ప్యాడ్ తిరిగిన దారంతా తెల్లటి మసక చారలు! వీటినే హోలోగ్రామ్‌లు అంటారు.

ఉన్ని ప్యాడ్, ముతక కాంపౌండ్‌తోనే (పెయింట్‌ను అరగదీసే పేస్ట్) పని ముగించేశాను. పైగా ప్యాడ్‌ను వంచి ఒక అంచు మీదే నొక్కాను. అసలు తప్పులు ఈ రెండే.

మళ్లీ మొదలుపెట్టాను. క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పూత) పలచగా ఉండే అంచులకు ముందే మాస్కింగ్ టేప్ వేశాను. మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్నటి ఫినిషింగ్ పాలిష్ తీసుకుని స్పీడ్ 1000 ఆర్‌పీఎం దగ్గర పెట్టాను. ప్యాడ్‌ను బల్లపరుపుగా ఆనించి, రెండడుగుల చదరంలో మెల్లగా అడ్డంగా, తర్వాత నిలువుగా నడిపాను. చివరి రెండు సార్లు మెషిన్ బరువు తప్ప చేతి ఒత్తిడి ఇవ్వలేదు. ప్యాడ్ ఒకేచోట తిరిగితే పెయింట్ కాలిపోతుందని టెన్షన్; అందుకే మధ్యమధ్య చెయ్యి ఆనించి వేడి చూసుకున్నాను.

చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడవడం మాత్రం వదలకండి. పాలిష్‌లోని నూనెలు గీతలను దాచేస్తాయి, మొదటిసారి నన్ను మోసం చేసింది అవే. తుడిచాక ఎండలో పెట్టి చూశాను. ఒక్క చార కూడా లేదు.