ఆయిల్ టెంపరేచర్ మీటర్ తప్పు చూపిస్తోందా? ముందు ఎర్త్ చూడండి

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి దేవమాలి కొండ చూడటానికి సీజన్‌లో వచ్చే బైకుల్లో మా షెడ్డు ముందు రోజుకి ఒకటైనా ఆగుతుంది. "అన్నా, ఆయిల్ మీటర్ పోయింది, కొత్తది దొరుకుతుందా?" అంటారు. ఇన్నేళ్లలో నిజంగా పోయిన మీటర్లు నేను చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ వైరింగే, అందులోనూ ఎక్కువ భాగం ఎర్తే, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి.

అసలు ఎవరూ చెయ్యని చెకింగ్ ఒకటుంది. ఇంజిన్ వేడిగా ఉండగా, తాళం ఆన్‌లో ఉంచి, బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక వైరు ముక్క తెచ్చి, ఆయిల్ వేడిని పసిగట్టే సెన్సార్ నట్టు భాగానికి ఆనించండి. ముల్లు చటుక్కున పైకి లేచిందా, ఇక వెతకక్కర్లేదు, సెన్సార్‌కి ఎర్త్ సరిగ్గా అందడం లేదు. పది సెకన్ల పని. ఇది చెయ్యకుండా ఆన్‌లైన్‌లో రెండో సెన్సార్, మూడో సెన్సార్ తెప్పించుకున్నవాళ్లని చూశాను.

ముల్లు అసలు కదలకపోతే

సెన్సార్ దగ్గర వైరు ఊడదీసి, తాళం ఆన్ చేసి, ఆ వైరు కొసని ఒక్క క్షణం ఇంజిన్‌కి తాకించండి. ముల్లు వేడి వైపు చివరికంటా పోతే మీటరూ వైరూ బాగానే ఉన్నట్టు, తేడా సెన్సార్ దగ్గరే. కదలకపోతే వైరు మధ్యలో తెగి ఉంటుంది, లేదా మీటర్‌కి కరెంటే అందడం లేదు. ఫ్యూజు చూడండి. హ్యాండిల్ తిప్పేచోట వైరు నలిగిందేమో చూడండి. తాకించకుండానే ముల్లు వేడి చివర అతుక్కుపోయి ఉంటే, ఆ వైరు సైలెన్సర్ పైపుకి ఆని తొడుగు కరిగి ఇంజిన్‌కి తగులుతోందన్నమాట. సెన్సార్‌కి రెండు వైర్లుంటే ఇంజిన్‌కి తాకించకండి, ఆ రెండింటినీ ఒకదానికొకటి కలిపి చూడండి.

హెడ్‌లైట్ వేస్తే ముల్లు ఎగురుతోంది, ఇండికేటర్‌తో పాటు ఊగుతోంది అంటారు కొందరు. మీటర్ ఎర్త్‌ని హెడ్‌లైట్ ఎర్త్‌తో కలిపేశారు, అంతే. విడిగా బ్యాటరీ నెగటివ్‌కి లాగండి.

పొద్దున కరెక్టు, ఘాట్‌లో అబద్ధం

నన్ను ముంచింది ఇదే. నా సొంత బండికి, గాలితో చల్లబడే ఇంజినే, ఆయిల్ కిందికి వదిలే డ్రైన్ నట్టు చోట అల్యూమినియం అడాప్టర్ పెట్టి దాన్లో సెన్సార్ బిగించాను. ఆయిల్ కారకూడదని త్రెడ్డుకి టెఫ్లాన్ టేపు ఐదు చుట్లు చుట్టాను, పైగా నీటుగా చుట్టానని మురిసిపోయాను కూడా. మర్నాడు పొద్దున స్టార్ట్ చెయ్యకముందే 19 డిగ్రీలు చూపించింది, బయట కూడా ఇంచుమించు అంతే. ఇంకేం, పర్ఫెక్ట్ అనుకున్నాను. ఆ వారమే ఇద్దరం సామాన్లతో సుంకి ఎక్కుతుంటే 92 దాటలేదు. కానీ ఇంజిన్ చప్పుడు మారింది, గేరు పడేటప్పుడు బిగుసుకుంటోంది, కాళ్ల దగ్గర సెగ. మీటర్ మాట నమ్మి అలాగే లాగించాను. పైన ఆపి, ఆయిల్ పోసే మూత తీసి వంటింటి థర్మామీటర్ ముంచితే 118. మీటర్ మాత్రం పక్కనే నింపాదిగా 92 అంటోంది.

ఒక్క వైరుతో వచ్చే సెన్సార్‌కి రెండో దారి దాని ఒళ్లే. త్రెడ్డు ద్వారా ఇంజిన్‌కి, అక్కణ్ణుంచి బ్యాటరీకి. టేపు ఆ దారికి అడ్డం పడుతుంది. పూర్తిగా తెంచేస్తే నయమే, ముల్లు కదలదు, వెంటనే పట్టేస్తాం. సగం తెంచితేనే మోసం. ఈ సెన్సార్ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గించుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు వందలు, వేల ఓమ్‌లలో ఉంటుంది కాబట్టి త్రెడ్డు దగ్గర ముప్పై ఓమ్‌లు అదనంగా చేరినా పొద్దున రీడింగ్‌లో తేడా దాదాపు కనపడదు. 100 డిగ్రీలు దాటాక సెన్సారే పదుల్లోకి దిగిపోతుంది, అప్పుడు ఆ ముప్పై కొండంత. మీటర్‌కి అది సెన్సార్ ఇంకా చల్లగా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే ఈ తప్పు ఎప్పుడూ తక్కువ వైపే, మనకి నిజం కావాల్సిన చోటే.

మందు ఏమిటంటే, టేపు మొత్తం గీకెయ్యండి. మొదలు నుంచి కొసదాకా ఒకే లావున్న త్రెడ్డయితే రాగి వాషర్ చాలు. కొసకి సన్నబడే ఏటవాలు త్రెడ్డయితే లిక్విడ్ సీలెంట్ పల్చగా, మొదటి రెండు చుట్లు వదిలేసి రాయండి, బిగించేటప్పుడు లోహం లోహానికి తగులుతుంది. అప్పటికీ నమ్మకం లేకపోతే (నాకు లేదు) అడాప్టర్‌కి ఒక హోస్ క్లాంప్ బిగించి, దాని కింద రింగు టెర్మినల్ పెట్టి, విడి వైరు బ్యాటరీ నెగటివ్‌కి లాగండి. అడాప్టర్‌కి రంగు పూత ఉంటే క్లాంప్ పడే చోట ఎమరీ పేపర్‌తో గీకాలి. ఇంజిన్‌కి, ఫ్రేమ్‌కి కొత్తగా రంగు వేయించిన బళ్లలో టేపు లేకపోయినా ఇదే రోగం వస్తుంది, ఇంజిన్ బోల్టుల కింద పెయింటు అడ్డుపడి. వాటికీ ఇదే వైరు. ఆ వైరు వేశాక అదే ఘాట్‌లో నా మీటరు, థర్మామీటరు రెండు డిగ్రీల తేడాలో ఉన్నాయి.

సెన్సార్ మీదే అనుమానముంటే మరిగే నీళ్లలో కొస ముంచి చూడండి, విడి వైరుతో ఎర్త్ ఇచ్చి మరీ. కోరాపుట్‌లో చేస్తే 97 దగ్గర చూపిస్తుంది, సెన్సార్‌ని తిట్టకండి. ఊరే సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు మరిగేదే అక్కడ. ఒకాయన ఆ మూడు డిగ్రీల కోసం బరంపురం దాకా ఫోన్లు చేశాడు.

మీటర్ ఒక కంపెనీది, సెన్సార్ ఇంకో కంపెనీది అయితే ఏ ఎర్తూ కాపాడదు, రెండూ జతగా కొనండి. సెన్సార్ కొస ఆయిల్‌లో మునగకపోతే తక్కువే చూపిస్తుంది, ముందు లెవెల్ చూడండి. ఆయిల్ కూలర్ నుంచి తిరిగొచ్చే గొట్టంలో పెట్టినా తక్కువే, అది చల్లబడిన ఆయిల్ మరి. మీటర్ లోపల నీళ్లు చేరడం, సెన్సార్ లోపలే చిట్లడం లాంటివి ఉన్నాయి గానీ చాలా అరుదు, అన్నీ అయ్యాక వాటి సంగతి.

డ్రైన్ నట్టు చోట పెట్టినవాళ్లు వైరు కొస కింద గాల్లో వేలాడకుండా వెనక్కి తిప్పి కట్టండి. పొట్టంగి దగ్గర కంకర తగిలి తెగిన వైర్లు పోయిన వానాకాలంలోనే మూడు అతికాను.