ఎయిర్ రైఫిల్ స్క్రూ కదలట్లేదా? అది చిలుమో, లాక్‌టైటో (స్క్రూ మరలకు వేసే జిగురో) ముందు తేల్చుకోండి

లైసెన్స్ అక్కర్లేని 0.177 ఎయిర్ రైఫిళ్లు, అంటే బ్యారెల్ వంచి స్ప్రింగ్ ఎక్కించే రకం గురించే ఇదంతా. ఎన్‌సీసీ .22 రైఫిళ్ల జోలికి పోవద్దు, వాటిని విప్పడం ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసే మనిషి) పని. మన రకంలో ముందు చెక్కకు కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి స్క్రూ ఉంటాయి. ట్రిగ్గర్ గార్డ్ దగ్గర ఇంకొకటో రెండో ఉంటాయి. ఇవి వస్తేనే స్టాక్, అంటే రైఫిల్‌కు ఉండే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం, ఊడుతుంది. వానలు తగ్గి దసరా ఆయుధ పూజకు తుడుద్దామని కూర్చుంటే, సరిగ్గా ముందు చెక్క స్క్రూ దగ్గరే పని ఆగుతుంది.

లోపల ఛర్రా (గుండు) లేదని, స్ప్రింగ్ ఎక్కించి లేదని చూసుకునే మొదలుపెట్టారని అనుకుంటున్నా. స్టాక్ ఊడదీశాక బ్యారెల్ వంచవద్దు.

పేచ్‌కస్ జారుతోంది, స్క్రూ తల గీసుకుపోతోంది

పదిమందిలో తొమ్మిదిమంది చూడనిది ఇదే. తల గాడిలో మట్టి, పాత పాలిష్, గ్రీజు గట్టిపడి ఉంటాయి. బిట్ (పేచ్‌కస్ మొన) సగం లోతుకే దిగుతుంది, జోరు చేస్తే అంచులు పోతాయి. సూదితో గాడి అడుగుదాకా గీకి, పాత టూత్‌బ్రష్‌తో తుడవండి. తర్వాత బిట్ పెట్టి అటూ ఇటూ ఊపి చూడండి. ఊగితే ఆ బిట్ పనికిరాదు. గాడి స్క్రూ అయితే బిట్ వెడల్పు గాడి పొడవుకు సమానంగా, మందం గాడి నిండేలా ఉండాలి. ఇంట్లో కరెంటు టెస్టర్‌తో ఈ పని చెయ్యొద్దు. అలెన్ స్క్రూ (తలలో ఆరు మూలల గుంట ఉండేది) అయితే కొలత చూసుకోండి: 5 మి.మీ. తలలో 3/16 అంగుళాల కీ దూరుతుంది, పట్టినట్టే ఉంటుంది, బలం పెట్టగానే మూలలు గుండ్రంగా అరుగుతాయి.

బిట్ సరిగ్గా కూర్చుంది, అయినా కదలదు

ముందుగా ట్రిగ్గర్ గార్డ్ స్క్రూను ఒక చుట్టు వదులు చేయండి. వానాకాలం తేమకు చెక్క ఉబ్బి స్క్రూలను గట్టిగా లాగి పట్టుకుంటుంది. ఆ బిగువు తగ్గితే ముందు స్క్రూలు చాలాసార్లు వాటంతటవే తేలికవుతాయి.

అప్పటికీ రాకపోతే చిలుము అయి ఉండొచ్చు. తల చుట్టూ ఎర్రటి మరక, తిప్పితే కిర్రుమనే చప్పుడు దాని గుర్తులు. తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున బిట్ పెట్టి, వెనక నుంచి చిన్న సుత్తితో నాలుగైదు తట్లు తట్టి, మొదట బిగించే వైపు రవ్వంత తిప్పి, ఆ తర్వాత విప్పండి. ఒక్క చుక్క అంటే ఒక్క చుక్కే. నూనె కంప్రెషన్ గదిలోకి (పిస్టన్ గాలిని నొక్కే చోటికి) జారితే, తర్వాత పేల్చినప్పుడు వేడికి అది భగ్గుమని పిస్టన్ సీలును, స్ప్రింగునూ పాడుచేస్తుంది. చెక్క కూడా నూనె తాగి నల్లబడుతుంది.

మూడు రోజులు నూనె పోసినా అంతే

అసలు మోసం ఇక్కడుంది. నూనె పని చేయట్లేదని ఇంకా నూనె పోస్తారు, ఇంకా పెద్ద పేచ్‌కస్ తెస్తారు, చివరికి తల విరుగుతుంది. ఆ స్క్రూకు చిలుము పట్టనే లేదు. స్ప్రింగ్ రైఫిల్ పేలిన ప్రతిసారీ ముందుకూ వెనక్కూ అదురుతుంది, ఆ అదురుకు స్క్రూలు వదులవుతాయి. అందుకని కంపెనీయో, పాత యజమానో మరలకు (స్క్రూ మీది చుట్లకు) లాక్‌టైట్ వేసి ఉంటారు. ఇది గాలి తగలని చోట లోహాల మధ్య గట్టిపడే జిగురు. మరల సందులన్నీ అదే నింపేస్తుంది కాబట్టి నూనె లోపలికి పోయే దారే ఉండదు. పోయినా దాన్ని కరిగించదు.

గుర్తుపట్టడం ఇలా. చిలుము పట్టిన స్క్రూ టక్కున వదులుతుంది. లాక్‌టైట్ వేసినది రబ్బరులా కొంచెం సాగినట్టనిపించి ఆగుతుంది. వదిలాక కూడా నాలుగైదు చుట్ల దాకా బిగువుగానే తిరుగుతుంది. ఒక స్క్రూ వచ్చి రెండోది రాకపోతే, వచ్చినదాని మరలు చూడండి. తెల్లటి పొడి గానీ, నీలం, ఎరుపు పొరలు గానీ కనిపిస్తే రెండోదానికీ ఆ జిగురే వేసి ఉంటారు.

దీనికి వేడి కావాలి. నీలం రకం మామూలుగా చేతి పనిముట్లకే వదలాలి, మొండికేస్తే వేడి పెట్టాలి. ఎరుపు రకానికి దాదాపు 250 డిగ్రీలు అవసరం. హెయిర్ డ్రయ్యర్‌తో ఆ వేడి రాదు. గ్యాస్ మంట పెడితే చెక్క కాలుతుంది, బ్యారెల్ మీది నల్ల పూత పోతుంది. 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. తల చుట్టూ తడిగుడ్డ చుట్టి, ఐరన్ మొనను తల మీద ఆనించి రెండు మూడు నిమిషాలు ఉంచండి. తల ఎంత వేడెక్కిందో తెలియడానికి, ఐరన్‌కు తగలకుండా సోల్డర్ తీగను తల అంచుకు తాకించండి. 60/40 తీగ దాదాపు 190 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అది కరిగాక ఇంకో నిమిషం ఆగి, వేడి మీదే విప్పండి. చల్లారనిస్తే మళ్లీ పట్టుకుంటుంది. ప్లాస్టిక్ స్టాక్ అయితే ఒకేసారి ఎక్కువసేపు పెట్టవద్దు. అర నిమిషం వేడి, ఒక ప్రయత్నం, మళ్లీ అర నిమిషం, అంతే. ముందు నూనె పోసి ఉంటే పొగ వస్తుంది, కిటికీలు తెరిచి పెట్టుకోండి.

మన దగ్గర లాక్‌టైట్ లేక ఫెవిక్విక్, గోళ్ల రంగు కూడా వేస్తుంటారు. వాటికి అసిటోన్ పని చేస్తుంది: తల పక్కన చుక్కలు వేసి అరగంట ఆగండి. చెక్క పాలిష్‌కు, ప్లాస్టిక్‌కు అది తగిలితే మచ్చ పడుతుంది. ఐరన్ వేడికి కూడా ఫెవిక్విక్ వదులుతుంది, కానీ అసిటోన్ పోసిన చోట ఆరకముందే ఐరన్ పెడితే మంట అంటుకుంటుంది.

తల అరిగిపోయింది

బైక్ రిపేరు షాపుల్లో దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ కొంచెం గాడిలో పూసి బిట్ పెడితే పట్టు వస్తుంది. కాకపోతే హాక్సా బ్లేడుతో కొత్త గాడి కోయండి. అదీ కాకపోతే ఎడమ వైపు తిరిగే డ్రిల్ బిట్. చాలాసార్లు రంధ్రం చేస్తుండగానే స్క్రూ వెనక్కి వచ్చేస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ (రంధ్రంలో దిగి స్క్రూను పట్టి విప్పే పనిముట్టు) ఆఖరి మాట. అది లోపల విరిగితే డ్రిల్ దాన్ని కోయలేదు, ఇక ఆటోనగర్‌లో మంచి లేత్ మేస్త్రీ దగ్గరికి పోవడమే.

మరలు అడ్డంగా ఎక్కడం, స్క్రూ వంగడం అరుదు. వాటికి కొత్త స్క్రూ వేసేయండి.

తిరిగి బిగించేటప్పుడు

పాత జిగురును వైర్ బ్రష్‌తో, అసిటోన్‌తో పూర్తిగా తీయండి. మరలకు నూనె ఉంటే కొత్తది పట్టదు. నీలం రకం ఒకే ఒక్క చుక్క, కొస నుంచి రెండు మూడు మరల మీద. ఎరుపు వద్దు. అలెన్ కీ పొడుగు కొసను తలలో పెట్టి, పొట్టి కొసను వేళ్లతో తిప్పి బిగిస్తే సరిపోతుంది. అంతకంటే జోరు చేస్తే చెక్క నలుగుతుంది. 24 గంటలు ఆగాకే పేల్చండి.