లెక్కకీ వాగుకీ పొంతన కుదరకపోతే: రన్‌ఆఫ్ అంచనాలో తప్పు ఎక్కడ వెతకాలి?

చెక్‌డ్యామ్ కట్టినా, కల్వర్టు వేసినా, చెరువు అలుగు పొడవు తేల్చినా ముందు కావాల్సింది ఒకటే అంకె: ఎగువన పడిన వానలో ఎంత నీరు పారి ఇక్కడికి వస్తుంది? ఆ నీటినే రన్‌ఆఫ్ అంటారు. తక్కువ అంచనా వేస్తే మొదటి పెద్ద వానకే కట్ట తెగి దిగువ పొలాల్లో ఇసుక మేట వేస్తుంది. ఎక్కువ వేస్తే ఊరికి రావాల్సిన డబ్బు కాంక్రీటులో కలిసిపోతుంది. లెక్క తేడా వచ్చినప్పుడు చాలామంది సూత్రాన్ని అనుమానిస్తారు. ముందు అనుమానించాల్సింది అందులో వేసిన అంకెల్ని.

పరీవాహక ప్రాంతం నమ్మలేనంత చిన్నగా వచ్చింది

పెద్ద వాగుకి క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగైదు హెక్టార్లే చూపిస్తోందంటే, మీరు పెట్టిన అవుట్‌లెట్ పాయింట్ (నీరు బయటికి వచ్చే చోటు) వాగు గీత మీద పడలేదు. 30 మీటర్ల గడులున్న డీఈఎంలో (నేల ఎత్తుల డిజిటల్ పటంలో) ఒక్క గడి పక్కకు జరిగినా సాఫ్ట్‌వేర్ వాగును వదిలేసి పక్క చేను వాలును కొలుస్తుంది. ఒక్కో గడిలోకి ఎగువన ఎన్ని గడుల నీరు చేరుతుందో చూపే ఫ్లో అక్యుములేషన్ లేయర్ తెరిచి, పాయింట్‌ను దగ్గర్లో విలువ బాగా ఎక్కువగా ఉన్న గడి మీదికి జరిపి మళ్లీ నడపండి.

విస్తీర్ణం సరిగ్గానే ఉంది, నీరు మాత్రం రావడం లేదు

గొలుసుకట్టు చెరువులున్న చోట ఇది మామూలే. ఎగువ చెరువు నిండి అలుగు పారేదాకా దాని కింది చెరువుకి ఆ వైపు నుంచి దాదాపు ఏమీ రాదు. మొత్తం విస్తీర్ణంలోంచి పై చెరువులు ఆపుకునే భాగాన్ని విడదీసి, మిగిలిన ఫ్రీ క్యాచ్‌మెంట్‌కి (ఏ చెరువూ ఆపకుండా నీరు నేరుగా వచ్చే భాగానికి) వేరుగా లెక్క వేయండి. వరద లెక్కకి మాత్రం పై చెరువులు నిండే ఉన్నాయనుకోవాలి. రోడ్డు కట్టలు, కాలువ గట్లు నీటిని పక్కకు మళ్లిస్తాయి. 20 మీటర్ల కాంటూర్లున్న (ఎత్తు గీతలున్న) టోపోషీట్ పటంలో అవి తెలియవు. హద్దు వెంట నడిచి చూడాల్సిందే.

అంతే వాన, ఒకసారి వరద, ఇంకోసారి వాగే కదలలేదు

చాలా అంచనాలు దెబ్బతినేది ఇక్కడే అని నా అభిప్రాయం. కర్వ్ నంబర్ అంటే నేల రకాన్నీ వాడకాన్నీ బట్టి ఇచ్చే అంకె, అది పెరిగేకొద్దీ పారే నీరు పెరుగుతుంది. ఈ పద్ధతిలో పట్టికలో దొరికే విలువ నేల మధ్యస్థ తడిలో ఉన్నప్పటిది. 25400ని కర్వ్ నంబర్‌తో భాగించి 254 తీసేస్తే నేల పట్టుకోగల నీరు మి.మీ.లలో వస్తుంది. అందులో ఐదో వంతు మొదట్లోనే ఇంకిపోతుందనుకుని మిగతా లెక్క వేస్తాం. కర్వ్ నంబర్ 75, వాన 100 మి.మీ. అయితే పారేది 41 మి.మీ. నేల ఎండి ఉంటే అదే 75 కాస్తా సుమారు 57కి దిగుతుంది, పారేది 15 మి.మీ. మాత్రమే. ముందే నానిపోయి ఉంటే 88కి ఎక్కుతుంది, పారేది 68. వాన ఒకటే, నీరు నాలుగున్నర రెట్లు తేడా!

అందుకని ముందటి అయిదు రోజుల వాన కూడండి. పైరు ఉన్న కాలంలో 36 మి.మీ. లోపు ఉంటే పొడి, 36 నుంచి 53 మధ్యస్థం, ఆపైన తడి. కట్ట భద్రత కోసం వేసే లెక్కలో తడి స్థితినే తీసుకోండి. ఏడాదిలో ఎంత నీరు నిల్వ చేయగలమో తేల్చాలంటే రోజువారీ వానతో, ఏ రోజు స్థితి ఆ రోజుకి మారుస్తూ వేయాలి. వాన రికార్డులో తేదీ కూడా జాగ్రత్తగా చూడండి. వాతావరణ శాఖ లెక్క ఉదయం 8:30కి ముగుస్తుంది కాబట్టి సాయంత్రం కురిసిన వాన మర్నాటి తేదీ మీద ఉంటుంది.

నల్లరేగడికి ఇంకో మెలిక ఉంది. జూన్‌లో బీటలు తీసిన నేల తొలి వానల్ని మింగేస్తుంది. తడిసి బీటలు మూసుకున్నాక అదే నేల నీటిని ఇంకనివ్వదు. అందుకే మన దేశంలో మొదట్లోనే ఇంకిపోతుందనుకున్న ఆ ఐదో వంతు బదులు, మధ్యస్థ, తడి స్థితుల్లో ఉన్న నల్లరేగడికి పదో వంతు, పొడి రేగడికీ మిగతా నేలలకీ పదిలో మూడు వంతులు వాడతారు. పైన చెప్పిన 75 నంబరుకే పదిలో మూడు వంతులు వేస్తే 41 బదులు 35 వస్తుంది. రిపోర్టులో ఏది వాడారో రాయకపోతే తర్వాత చూసేవాళ్లకి తల తిరుగుతుంది.

సగం ఊరు, సగం అడవి ఉంటే లెక్క తగ్గిపోతోంది

సగటు కర్వ్ నంబర్ వల్ల. సగం 95, సగం 60 అనుకోండి. సగటు 77.5తో 50 మి.మీ. వానకి 11.4 మి.మీ. పారుతుంది. రెండు భాగాలకీ విడివిడిగా వేసి సగటు తీస్తే 19. నంబర్లని కాదు, వచ్చిన నీటిని సగటు చేయండి.

గరిష్ఠ ప్రవాహం మరీ తక్కువ, లేదా మరీ ఎక్కువ

చిన్న విస్తీర్ణాలకి రేషనల్ సూత్రం: గుణకం (వానలో పారే వంతు), గంటకు మి.మీ.లలో వాన తీవ్రత, హెక్టార్లు, ఈ మూడింటినీ గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఘనపు మీటర్లు. 100 హెక్టార్లు, 0.5 గుణకం, 60 మి.మీ. తీవ్రతకి 8.3 వస్తుంది, అంటే దాదాపు 294 క్యూసెక్కులు. రోజంతా పడిన 120 మి.మీ.ని 24తో భాగించి 5 అని వేస్తే 0.7కి పడిపోతుంది. తీవ్రత తీసుకోవాల్సింది కాన్సంట్రేషన్ టైమ్‌కి, అంటే చివరి అంచు నుంచి నీరు ఇక్కడికి చేరడానికి పట్టే సమయానికి.

ఆ సమయాన్ని వాగు పొడవు, వాలులతో లెక్కగట్టే కిర్పిచ్ సూత్రంతో కడితే వాలును శాతంగా వేయకండి. 1500 మీటర్ల పొడవు, 1 శాతం వాలుకి 0.01 అని వేస్తే 32 నిమిషాలు వస్తుంది. 1 అని వేస్తే అయిదున్నర నిమిషాలే! అంత తక్కువ సమయానికి తీవ్రత విపరీతంగా పెరిగి, కల్వర్టు అవసరానికి మించి పెద్దదవుతుంది.

అన్నీ సరిచూసినా తేడా పోలేదు

వాన వెలిసిన మర్నాడే వెళ్లి గోడల మీద వరద గుర్తులు కొలవండి. వెడల్పాటి అలుగు మీద పారిన నీటి లోతును (మీటర్లలో) 1.5 ఘాతానికి పెంచి, అలుగు పొడవుతోనూ 1.7తోనూ గుణిస్తే ప్రవాహం తెలుస్తుంది. పది మీటర్ల అలుగు మీద అర మీటరు పారితే సెకనుకు సుమారు 6 ఘనపు మీటర్లు. చెరువు వరద శిఖరాన్ని కొంత అణుస్తుంది కాబట్టి లోపలికి వచ్చింది ఇంతకంటే ఎక్కువే. మీ లెక్క ఇంతకంటే తక్కువ చూపిస్తుంటే, మళ్లీ మొదట నేల తడి దగ్గరకే వెళ్లండి.