డెల్టా బ్లూస్ గిటార్ - నాలుగో పాఠం: రెండు ఫ్రెట్ల నడిమి గాంధారం

అమెరికాలోని మిసిసిపీ డెల్టా ప్రాంతపు నల్లజాతీయుల సంగీతమైన ఈ బ్లూస్ కోసం, బొటనవేలితో మంద్ర తీగలను తాళం తప్పకుండా నడిపించడం గత పాఠంలో సాధన చేశాం. ఆ నడక స్థిరపడినవారు ఇప్పుడు ఎడమచేతి చిటికెన వేలికి స్లైడ్ తొడగవచ్చు. పాతకాలపు వాద్యకారులు ఇందుకు కత్తినో, పగిలిన సీసా మెడనో వాడేవారు. మనకు దుకాణంలో దొరికే గాజు గొట్టం చాలు.

ముందుగా శ్రుతి మార్చాలి. ఆరవ, ఐదవ, ఒకటవ తీగలను రెండేసి ఫ్రెట్ల (గిటార్ మెడపై అడ్డంగా ఉండే కమ్మీల) మేర దించి, మిగిలిన మూడింటినీ అలాగే ఉంచితే, వేలు పెట్టకుండానే జీ మేజర్ కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) పలుకుతుంది. జీని షడ్జమంగా తీసుకుంటే, ఆరవ తీగ నుంచి వరుసగా ప స ప స గ ప అన్నమాట. స్లైడ్‌ను ఐదవ ఫ్రెట్‌పై ఉంచితే సీ, ఏడవ దానిపై డీ కార్డ్‌లు వస్తాయి కనుక పన్నెండు బార్ల (ఆవర్తాల) బ్లూస్‌కు కావలసినదంతా చేతికందినట్టే.

స్లైడ్ సరిగ్గా ఫ్రెట్ కమ్మీకి పైన నిలవాలి. తీగను తాకాలే తప్ప నొక్కకూడదు. దాని వెనకనున్న వేళ్ళను తీగలపై మెత్తగా ఆనించకపోతే గరగర తప్పదు.

అసలు విషయం మూడవ తీగపై ఉంది. అక్కడ మూడవ ఫ్రెట్ కర్ణాటక సంగీతంలోని సాధారణ గాంధారం (తగ్గు గాంధారం), నాలుగవది అంతర గాంధారం (హెచ్చు గాంధారం). మిసిసిపీ, యాజూ నదుల మధ్య పత్తి తోటల్లో పాడిన గాయకుల గాంధారం తరచుగా ఈ రెంటి నడుమ పలుకుతుంది; ఫ్రెట్లు ఇవ్వలేని ఆ చోటు కోసమే స్లైడ్. కడ్డీని తీగలపై జరుపుతూ వాయించే మన గోటువాద్యం విన్నవారికి ఈ జారుడు కొత్తగా అనిపించదు, అయితే రెండింటికీ చుట్టరికం కలపనక్కరలేదు. మూడవ ఫ్రెట్ దగ్గర మొదలుపెట్టి, గొంతుతో పాడుతూ, గొంతు ఆగినచోటనే స్లైడ్‌నూ ఆపండి. గొంతు కలపకుండా చేసే సాధన, నా దృష్టిలో, వృథా.

డెల్టా బ్లూస్ గాయకుడు సన్ హౌస్ నుంచి ఈ పద్ధతిని నేర్చిన మడ్డీ వాటర్స్‌ను 1941లో జానపద గీతాల సేకర్త అలన్ లోమాక్స్ మిసిసిపీలోని స్టోవాల్ తోటలో రికార్డు చేశారు. 1943లో షికాగో చేరిన మడ్డీ, అక్కడి రణగొణ ధ్వనుల్లో వినబడేందుకు ఎలక్ట్రిక్ గిటార్ పట్టారు. తరువాత రోలింగ్ స్టోన్స్ బృందంలోని కీత్ రిచర్డ్స్ ఇదే శ్రుతిలో ఆరవ తీగను తీసేసి, ఐదు తీగలతో రాక్ సంగీతం వాయించారు.

వచ్చే పాఠానికి ముందు, బొటనవేలి నడక ఆగకుండా మూడవ తీగపై ఆ గాంధారాన్ని పలికించండి. స్లైడ్ కదిలినప్పుడు తాళం తడబడితే వేగాన్ని సగానికి తగ్గించండి.